మందిరంలో వయ్యారిభామ

గుంటూరులో మా ల్యాబ్‌కి ధ్రువ ప్రాంతపు దీవి నుంచి ఎండు గడ్డి ఆకులు కవర్లలో వచ్చేవి. మనిషి కాపురమే లేని ఆ మంచులోకి గడ్డి ఎలా చేరిందో దాని జన్యువుల్లో వెతకడం నా పని. ఒక్క విత్తనం నుంచి పాకి ఉంటుందనుకున్నాం. కాదు. వెళ్లినవాళ్ల బూట్లకీ, సామాన్ల పెట్టెలకీ అంటుకుని ఎన్నో చోట్ల నుంచి ఎన్నోసార్లు వచ్చింది. అన్ని రకాలు కలిశాక అది ఓ పట్టాన చావదు. చలికి ఒకటి పోతే ఇంకోటి తట్టుకుంటుంది. అక్కడ దిగేవాళ్లు ఇప్పుడు జేబులు కూడా దులుపుకోవాలట. ఆ మాట విని నాకు ఒళ్లు మండింది. ఎవరూ ఉండని చోటికి అంత కాపలా. దర్శి దగ్గర మిరప చేలల్లో మా అక్కని కాచేవాళ్లెవరూ లేరు.

అక్క కలుపు కూలీ. లారీల్లోనో ఎరువు బస్తాల్లోనో వచ్చిపడ్డ వయ్యారిభామ కలుపుని పీకీ పీకీ మెడా మొహం నల్లగా పగిలాయి, ఆయాసం పట్టుకుంది. ఆ మొక్క గాలి కూడా తగలకూడదన్నాడు డాక్టరు. పని మానేశాక నెమ్మదిగా తేరుకుంది. ఇంతలో కొడుక్కి పెళ్లి కుదిరింది. అది కళ్లారా చూడాలన్నదే ఆమె ఆశ.

పెళ్లిరోజు పొద్దున మా చర్చి మందిరంలో అడుగుపెట్టి ఆగిపోయాను. కిటికీల్లో, బల్ల మీద, గులాబీల మధ్య అంతా తెల్లటి వయ్యారిభామ పూలే. మా పల్లెలో ఎవరింట పెళ్లైనా అలంకరణ తోటి కూలీలదే. అక్క ముఠా ఆడవాళ్లు చేలగట్ల మీద కోసుకొచ్చి కట్టారు.

"తీసెయ్యండి! దీనివల్లే కదా అక్క చావుదాకా వెళ్లొచ్చింది!"

"పడనిది ఆకు కదమ్మా, పువ్వేం చేసిద్ది? ఆకులన్నీ దూసే తెచ్చాంగా," అంది ముఠా మేస్త్రి, తెల్లబోయి.

పుప్పొడే ఆయాసం తెస్తుందని చెప్పేలోపు అక్క వచ్చింది.

"ఊరుకోవే. నా మీద ప్రేమతో కట్టారు. బయటోళ్ల ముందు వాళ్ల పరువు తియ్యబాక," అని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

ప్రమాణాలు మొదలవకముందే ఆమె ఆయాసం పాటని మించి వినపడింది. ఆటోలో దర్శి ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టారు. కళ్లు వాచి మూసుకుపోయాయి.

సాయంత్రం కొడుకూ కోడలూ పెళ్లిబట్టల్లోనే వచ్చారు. అక్క చెయ్యి చాచి కోడలి మొహం తడిమింది. "పెళ్లిచీరలో ఎలా ఉందే పిల్ల?" అని నన్నడిగింది.