ముద్దనూరు దాటాక

అప్పట్లో నేను ఔషధ పుట్టగొడుగుల జన్యువుల మీద పరిశోధన చేసేదాన్ని. పులివెందుల దగ్గర ఎండిన తుమ్మ మోడుకు పెరిగిన గట్టి పుట్టగొడుగును కోసి, డబ్బాలో పెట్టుకొని జమ్మలమడుగులోని మా ఇంటికి బస్సులో వస్తున్నాను. పక్క సీటులో గొర్రెలు మేపుకునే ఒక పెద్దాయన కూర్చున్నాడు.

“ఏందమ్మా అది?” అన్నాడు. మూత తీసి చూపించాను.

“ఇదా? దగ్గొస్తే మాయమ్మ అరగదీసి పోసేది. శానా చేదు. దీంతో ఏం చేస్తాండావు?”

“ఆ చేదు యాడినుంచి వస్తాదో చూడల్లప్పా. ఒక జన్యువు మీద అనుమానముంది. దాన్ని పనిచేయకుండా చేసి, చేదు పోతాదేమో చూస్తాం.”

“చేదు పోతే ఇంగ మందెట్లయితాది?” అని నవ్వాడు.

“మందుకు కాదప్పా. ఆ జన్యువు పనేందో తెలియల్ల గదా.”

ఎన్నికల రోజులవి. ముద్దనూరు దాటాక ఒక జీపు బస్సుకు అడ్డం వచ్చింది. కొందరు ఎక్కారు. ఒకడు పెద్దాయన చొక్కా కాలరు పట్టుకొని ఏ ఊరని అడిగాడు. ఆయన చెప్పాడు. అది ఎదుటి పార్టీకి ఓట్లేసే ఊరు. అంతే, కిందికి లాగి రోడ్డు పక్కనే వేటకొడవళ్లతో నరికారు. పట్టపగలు. బస్సులో ఎవరూ నోరెత్తలేదు. జీపు వెళ్లిపోయాక డ్రైవరు బస్సును ముందుకు పోనిచ్చాడు.

మా నాయన వద్దన్నా స్టేషనుకు వెళ్లి చూసింది చెప్పాను. తర్వాత నగరంలోని ల్యాబుకు వెళ్లిపోయాను. పుట్టగొడుగు ముక్క నుంచి బూజులాంటి తెల్లటి దారాలు పెంచి, ఆ జన్యువును అణిచే డీఎన్ఏ ముక్కను ఒక బాక్టీరియా ద్వారా వాటిలోకి పంపాను. నా చేతులు వణకలేదు. అది చూసి నాకే భయమేసింది.

కొన్ని నెలలకు ఫలితం వచ్చింది. జన్యువు అణిగిన దారాల్లో చేదు పదార్థం దాదాపు లేదు. మా ప్రొఫెసరు సంతోషంతో మిఠాయిలు తెప్పించారు. నేను తినలేకపోయాను.

ప్రొద్దుటూరు కోర్టులో సాక్ష్యం చెప్పింది నేనొక్కదాన్నే. తక్కిన ప్రయాణికులు నిద్రపోతున్నామన్నారు. కేసు నిలవలేదు.

తర్వాతి ఎన్నికలప్పుడు ఇంటికి వచ్చాను. ఒక ఉదయం మా వాకిట్లో పార్టీ కండువా వేసుకొని అతనే నిలబడి ఉన్నాడు, ఆ రోజు కాలరు పట్టుకున్నవాడు.

“బాగుండావా మామా? ఈసారి మనకే ఎయ్యల్ల,” అని మా నాయనకు దండం పెట్టాడు. నా వైపు తిరిగి, “చదువు అయిపోయిందా పాపా?” అని మెల్లగా అడిగాడు.

మా నాయన కుర్చీ అతని ముందుకు జరిపి, నీళ్లు తెమ్మని అమ్మకు చెప్పాడు.