ఒక్క ఊపిరిలో పిలవగలిగే పేరు

“‘శవాలకి సోషల్ చెప్తారా మేడమ్?’ అన్నాడు తమ్ముడూ! నా మొహం మీదే అన్నాడు. ‘ఫోరెన్సిక్ అంటే పోస్టుమార్టం, సోషల్ అంటే బళ్ళో చెప్పేది, రెండూ కలిపితే అంతేగా?’ అంటాడు. తప్పు పట్టడానికి లేదు చూడు, లెక్క బాగానే కుదిరింది!”

అక్కయ్య నవ్వుతూనే సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒళ్ళో ఆమె తోలు సంచీ. ఫైళ్ళ బరువుకు పట్టీ మళ్ళీ తెగింది. ఆ మాట అన్నది కోర్టు బంట్రోతు. తలుపు దగ్గర నిలబడి వరండా చివరిదాకా వినబడేలా పేర్లు పిలవడం ఆయన పని. ఆరేళ్ళుగా అక్కయ్యను ఏమని పిలవాలో ఆయనకు తోచడం లేదు.

ఆమె మా పక్క వాటాలో ఉంటుంది. కోర్టులో పని, కానీ నల్లకోటు లేదు. చదివిన చదువును బట్టి ఇంగ్లీషులో ‘ఫోరెన్సిక్ సోషల్ వర్కర్’ అంటారట. కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళు ఎలా బతుకుతున్నారో, చేసిన పని ఎందుకు చేశారో కనుక్కుని జడ్జిగారికి రాసిస్తుంది. ఏ శిక్ష వేయాలో తేల్చే ముందు ఆయన అది చదువుతారు. ఇక్కడ ఆ పని చేసేది ఈమె ఒక్కతే. అదీ తాత్కాలికం. ఇన్నాళ్ళకు పోస్టును ఖాయం చేస్తామంటూ పైనుంచి ఒక ఫారం వచ్చింది. అన్నీ నింపింది గాని మూడో గడి ఖాళీగా ఉండిపోయింది. ‘పోస్టు పేరు’, అదీ తెలుగులోనే రాయాలట. రేపు పది గంటలకల్లా ఇవ్వకపోతే నెలాఖరుతో ఉద్యోగానికి మంగళం. సంచీలో ఫైళ్ళుగా ఎదురుచూస్తున్న పదకొండు ఇళ్ళ సంగతీ అంతే.

“మా కోడలు కోర్టుకెళ్తుందని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది,” అంది కిటికీ దగ్గర కూర్చున్న అత్తగారు. “‘అయ్యో, ఏం కేసమ్మా? రాజీ పడిపోకూడదూ?’ అంటారు. పేరు లేని ఉద్యోగమేంటో!”

“పేర్లకేం లోటు అత్తయ్యా, మీరు రోజుకొకటి పెడుతున్నారుగా.”

“పెట్టనూ మరి? కాలికి బలపం కట్టుకుని తిరిగేదాన్ని ఏమంటారు!”

లోటు సంగతేమో గాని, పేరు లేకపోతే ఏమవుతుందో అక్కయ్యకు లిఫ్టు తాత ఇంట్లో బాగా తెలిసొచ్చింది. ఒక పెద్ద ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు లిఫ్టు నడిపి రిటైరైన మనిషాయన. ఒకరోజు తెల్లవారుతుండగా ఆ ఆఫీసు పక్క తలుపు తాళం విరగ్గొట్టి లోపలికి వెళ్ళి పట్టుబడ్డాడు. చేతిసంచీలో నూనె డబ్బా, గుడ్డ, స్క్రూడ్రైవరు. దొంగతనానికే వచ్చాడని కేసు పెట్టారు.

“వెళ్ళి తలుపు తట్టాను. పెద్దావిడ తీసింది. ‘ఇల్లు చూడ్డానికొచ్చానండీ’ అన్నాను. నా పనే అది కదా! ‘రామ్మా, రా’ అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. వెనక గది అద్దెకిస్తామని బోర్డు పెట్టారట, నేను చూళ్ళేదు. కుళాయి తిప్పి చూపించింది, అలమర తీసి చూపించింది. గోడమీద చెమ్మ వచ్చిన చోట మాత్రం వీపు ఆనించి కదిలితే ఒట్టు!”

“మరి తాత?” అన్నాను.

“వంటింటి గుమ్మంలో స్టూలేసుకుని కూర్చున్నాడు. అడుగు పెట్టానో లేదో, ‘ఎన్నో అంతస్తు?’ అన్నాడు. ఏం చెప్పను? ‘మూడు’ అన్నాను. గుమ్మం కర్టెన్ లాగేశాడు. నిలబడ్డాను. పెద్దావిడా నిలబడింది, రోజూ ఉన్నదేలా ఉంది. కాసేపాగి కర్టెన్ తీసి, ‘మూడు. గడప చూసుకోండి’ అన్నాడు. చూసుకునే దిగాను తమ్ముడూ!”

అప్పుడు చెప్పిందట, కోర్టు నుంచి వచ్చానని. పెద్దావిడ లబలబలాడింది. “ముందే చెప్పొద్దూ! చెమ్మ కూడా చూపించేదాన్ని!”

ఆ తర్వాత ఆమె గోడకు చేరగిలబడి అంతా చెప్పుకొచ్చింది. రిటైరయ్యాక కూడా రోజూ ఆ లిఫ్టు దగ్గరికే పోతుంటే కాపలావాడు తరిమేస్తున్నాడట. దాని తలుపు కిర్రుమంటోందని తాతకు నిద్ర పట్టడం లేదట. అక్కయ్య నాలుగుసార్లు వెళ్ళి, ఇరుగుపొరుగునీ కాపలావాడినీ అడిగి రాసింది: “ఈయన దొంగతనానికి వెళ్ళలేదు, డ్యూటీకి వెళ్ళాడు. నూనె లిఫ్టు తలుపుకు.”

వాయిదా రోజున హెడ్ గుమాస్తా ఆలోచించి ఆలోచించి ఆమెకొక పేరు రాసిచ్చాడు. న్యాయసంబంధ మానసిక సామాజిక స్థితిగతుల పరిశీలనాధికారిణి. బంట్రోతు ఛాతీ నిండా గాలి పీల్చి అందుకున్నాడు. ‘స్థితిగతుల’ దగ్గర దగ్గు తెర పట్టుకుంది. నీళ్ళు తాగొచ్చి మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టేసరికి జడ్జిగారు ఇంకో కేసు తీసుకున్నారు.

“మధ్యాహ్నానికి మా వంతు వచ్చింది. తాత బోనెక్కాడు. దానికి చిన్న తలుపుంటుందా, అది ఠక్కున వేసేసి, జడ్జిగారి వంక తిరిగి, ‘ఎన్నో అంతస్తు సార్?’ అన్నాడు. నా ప్రాణాలు పైకే పోయాయి! జడ్జిగారు నా కాగితం చదివి ఉన్నారు కాబట్టి సరిపోయింది. ‘పై కోర్టు దాకా వద్దులెండి, ఇక్కడే ఆపండి’ అన్నారు.”

జైలు తప్పింది. డాక్టరుకు చూపించమన్నారు. పొద్దున రెండు గంటలు ఆస్పత్రి లిఫ్టులో కూర్చుని రోగులకు సాయం చేయమన్నారు. ఇప్పుడు ఆ లిఫ్టు తలుపు కిర్రుమనదట.

“ఇంతకీ ఆ పెద్దావిడ మిమ్మల్ని ఏమని పిలిచేది?” అని అడిగాను.

“ఏదో పిలిచేదిలే. ‘మా మంచీచెడ్డా అడిగినదానివి నువ్వొక్కదానివే’ అనేది మొదట్లో. పోనుపోను ‘మంచీచెడ్డా అమ్మాయి’ చేసేసింది. వీధి మలుపు నుంచే ‘మంచీచెడ్డా అమ్మాయొచ్చింది!’ అని…”

సూది ఆగిపోయింది. అక్కయ్య నావైపు చూసింది. సంచీ పక్కన పడేసి, చిత్తుకాగితం లాక్కుని రాసింది: కోర్టు మంచిచెడ్డల అధికారి.

“మంచి ఒక్కటీ చాలదూ? చెడ్డెందుకే?” అంది అత్తగారు.

“చెడ్డ లేకపోతే కోర్టెందుకు అత్తయ్యా?”

కాగితం మడిచి నా జేబులో పెట్టింది.

“ఫారంలో ఇప్పుడే రాయను. బంట్రోతుగారిల్లు నీకు తెలుసుగా, చెప్పుల కొట్టు వెనకాల. వెళ్ళి ఆయన చేత దీన్ని వీధి చివరిదాకా ఒక్కసారి పిలిపించు తమ్ముడూ. ఒక్క ఊపిరిలో అనేశాడో, పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పు, రాసేస్తాను. మధ్యలో నీళ్ళు మాత్రం అందించకు!”