చింతగింజల లెక్క

మొన్న మా కోడలు కొత్త చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. ఒక్కో గింజా స్టీలు గిన్నెలో టక్కుమని పడుతుంటే పక్కగదిలో పేపరు చదువుతున్న నాకు చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదవాల్సి వచ్చింది. చివరికి పేపరు మడిచి పక్కన పెట్టేశాను. ఆ చప్పుడు వింటే నాకు సక్కుబాయమ్మ గుర్తుకొస్తుంది. ముందు నవ్వొస్తుంది, వెనకే మనసు పాడవుతుంది.

యాభైల చివర్లో నేను మర్రిగూడ వైపు ఊళ్ళల్లో గ్రామసేవికగా చేరాను. ఆమె మా ముఖ్యసేవిక, నా పై అధికారి. భారీ మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం, చంకలో గొడుగు, బుగ్గన తమలపాకు. ఏ ఊరికి పోయినా ముందు ఎవరో ఒకరి అరుగు మీద చతికిలబడి, "జర చాయ్ పోయి తల్లీ, సర్కారు ముచ్చట తర్వాత" అనేది. ఊరికి ఏం కావాలో ఊరికి చెప్పి రమ్మని నాకు శిక్షణలో నేర్పారు. ఆమె అడగడం నేర్పింది. ఇంట్లో ఎందరు, ఏ నీళ్ళు తాగుతారు, ఎవరికి భూమి ఉంది, ఎవరు కూలికి పోతారు, అన్నీ అడిగి తెలుసుకుని, ఊరంతా కూడినప్పుడు ఆ లెక్క వాళ్ళకే వినిపించేది. "ఊరి లెక్క ఊరికి చెప్పకుంట ఆఫీసుకు చెప్తే ఏమొస్తది పిల్లా? బతికేది వాళ్ళు గదా" అనేది. నాకప్పుడు ఇదంతా చాదస్తంలా ఉండేది.

ఒక ఊరికి మంచినీళ్ళ బాయి మంజూరైంది. ఆ ఊరి పేరు రాయను. తవ్వే కష్టం ఊరిది, మిగతా ఖర్చు సర్కారుది. ఎక్కడ తవ్వాలన్నదే తేలలేదు. చావడి దగ్గరి పాతబాయి పక్కన తవ్వితే నీళ్ళు ఖాయం, ఆడవాళ్ళకు దగ్గర. రెండో జాగా గొల్లల ఇళ్ళవతల, వాగు ఒడ్డున. అక్కడికి బిందెతో నడిచి రావాలంటే నడుములు పడిపోతాయి. ఊళ్ళో చాలామంది మొగ్గు పాతబాయి వైపే. అంతలో ఒక పెళ్ళిభోజనాల దగ్గర సక్కుబాయమ్మ కంట ఒక సంగతి పడింది. చావడి వైపు ముసలివాళ్ళు కొందరు బంతిలో కూర్చోకుండా గోడకానుకుని ఆకలి లేదంటున్నారు. వాగు నీళ్ళు తాగే గొల్ల ముసలివాళ్ళు మాత్రం హాయిగా బాసింపట్టు వేసుకుని రెండోసారి అన్నం అడుగుతున్నారు. "ఆకలి లేక కాదు పిల్లా, మోకాళ్ళు మలుగుతలేవు. పాతబాయి నీళ్ళు తాగెటోళ్ళకే గిట్లెందుకైతాంది?" అంది నా చెవిలో.

ఇల్లిల్లూ తిరిగి అడగడం మొదలుపెట్టాం. కింద కూర్చోలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే, "మా ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరమ్మా" అని ఒకావిడ తలుపు ఓరగా మూసింది. ఆమె వెనకే మామగారు గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పళ్ళ మీది గార దాచలేరు గనక మా మన్ను గుణమని నవ్వేసేవారు. కాళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. చివరికి ఒక అవ్వ అసలు మాట చెప్పింది. "గా ఊర్ల కాళ్ళు వంకరపోతయని పేరు పడితే మా పిల్లల ఎవలు చేసుకుంటరు బాయమ్మా?"

అప్పుడు సక్కుబాయమ్మకు ఓట్ల పెట్టెలు గుర్తొచ్చాయి. రెండు సంచులు కుట్టించింది. ఎర్రది పాతబాయి నీళ్ళు తాగే ఇళ్ళకు, తెల్లది వాగు నీళ్ళు తాగే ఇళ్ళకు. రెండు వైపులా ఇళ్ళు ఇంచుమించు సమానమే. ఇంట్లో కింద కూర్చోలేనివాళ్ళు ఎందరుంటే అన్ని చింతగింజలు పిడికిట్లో తెచ్చి సంచిలో వేయాలి. వేసేటప్పుడు ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. "ఎవలేసిన్రో నేను సూడ. నా నోట్లకెల్లి ఎవరి పేరు రాదు, ఒట్టు" అని ప్రతి గడపలోనూ చెప్పింది. జనం వేశారు. సర్పంచి ఇంట్లో అయితే, పెళ్ళికెదిగిన ఆయన కూతురే పెరటి గుమ్మం పట్టుకుని మెల్లగా వచ్చి, "ఇది నాదమ్మా, నాయినకు చెప్పకు, సంబంధం మాట్లాడుతున్నరు" అని ఒక్క గింజ వేసి వెళ్ళింది.

ఊరంతా చావడి ముందు కూడింది. సక్కుబాయమ్మ గొంగడి పరిచి రెండు సంచులూ కుమ్మరించింది. ఎర్ర సంచిది కుప్ప. తెల్ల సంచిది పిడికెడు కూడా లేదు. "ఇది నా లెక్క కాదు, మీరేసిందే. ఒక్కటే ఊరు, ఒక్కటే జొన్నరొట్టె. నీళ్ళే వేరు. బాయి వాగు కాడ తవ్వుకోండ్రి" అంది. జనం ముందుకు జరిగి కుప్పను చూశారు. గెలిచామనుకున్నాను. సర్పంచి చెడ్డవాడు కాదు, కానీ మొండి. "గింజలదేమున్నదమ్మా, ఎవడన్న గుప్పెడు ఎక్కువేస్తడు. కాళ్ళు వంగినోడు ఒక్కడు ముందటికి రమ్మను, ఇప్పుడే వాగు కాడ గడ్డపార దింపుత" అన్నాడు. ఎవరూ రాలేదు. పక్కవాడి సంగతి పక్కవాడికి తెలుసు, అయినా ఎవరూ కదల్లేదు. "పోనీ నువ్వే చెప్పు. ఒక్క పేరు" అన్నాడాయన. చెప్పండమ్మా అని నేను ఆమె కొంగు లాగాను. ఆడవాళ్ళ మధ్య ఆయన కూతురు కూర్చోలేక, తల వంచుకుని నిలబడి ఉంది. సక్కుబాయమ్మ అటు చూడనైనా చూడలేదు. "పేర్లు చెప్పనని మాటిచ్చిన. లెక్కయితే అబద్ధం కాదు" అంది. చేతులన్నీ పాతబాయి పక్కకే లేచాయి.

దారిలో ఆమెతో గట్టిగానే గొడవపడ్డాను. ఒక్క పేరు చెబితే ఊరు బాగుపడేదన్నాను. "ఊరు బాగుపడుతుండె. ఆ పిల్ల బతుకేమైతుండె? నన్ను నమ్మి యేసింది గదనే" అంది. కాసేపటికి, "నాకు మాత్రం పాణం మంచిగున్నదనుకున్నవా?" అంటూ గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పటికి ఎండే లేదు.

తర్వాత ఆమెకు పాలమూరు వైపు బదిలీ అయింది. కొన్నేళ్ళకు పోయిందని కబురొచ్చింది. ఆఖరిచూపుకు కూడా నోచుకోలేకపోయాను. సర్పంచి కూతురు పెళ్ళయి, తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. పీట మీద కూర్చోబెట్టాలన్నా ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. ఆయన ఆమె కోసం వాగు నుంచి బండి మీద నీళ్ళు తెప్పించేవాడు. ఒకరోజు నన్ను దారిలో ఆపాడు. "ఆనాడు బాయమ్మ నా బిడ్డ పేరే చెప్పుంటే నేను తలొంచి ఒప్పుకుందును. ఎందుకు చెప్పకపాయె?" అన్నాడు. మీ బిడ్డ పెళ్ళి ఆగిపోతుందని, అన్నాను. ఆయన ఎద్దు మూపురం నిమిరి, బండి తోలుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఉద్యోగమంతా ఊళ్ళ లెక్కలు తీస్తూనే గడిపాను. ఎవరు చెప్పారని ఎంత పెద్దవాళ్ళు గద్దించినా ఒక్క పేరు బయటపెట్టలేదు. ఆమె మాట నిలుపుకోవడమే సరైనదని ఒకరోజు అనిపిస్తుంది. ఆ ఒక్కసారికి తప్పి ఉంటే ఏం పోయేదని మరోరోజు ఆమె మీదే కోపమొస్తుంది, ఏడుపొస్తుంది. సక్కుబాయమ్మ మాట తప్పలేదు. నేనూ ఇప్పటిదాకా తప్పలేదు. ఆ ఊరి పిల్లలు మాత్రం ఆ బాయి నీళ్ళే తాగి పెరిగారు.