ఎదురు బ్లాకులో తలకిందుల మనిషి

టెలిస్కోపు కొన్నవాళ్లు చందమామను చూస్తారు, శనిగ్రహాన్ని చూస్తారు. నేను దయ్యాన్ని చూశాను. చూసి ఊరుకున్నా బాగుండేది, ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ ఘనకార్యంతో ఒకావిడ సొంతిల్లు పాడుబెట్టినంత పని చేశాను.

అప్పుడు నేను పటాన్‌చెరులో ఒక పైపుల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని. ఉండేది సర్కారు కట్టించిన కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీలో. కంటితో చూడాలి, ఫోటోలూ తీయాలి, రెండూ ఒక్కదాంతోనే కావాలని నా పట్టు. టెలిస్కోపుల షాపాయన ఓపిగ్గా చెప్పాడు.

"కండ్లతోటి చూసుడుకు పెద్ద అద్దముండాలె సార్. ఫోటోలకైతే అద్దం కన్న స్టాండే ముఖ్యం. చుక్క కదులుతుంటది, స్టాండు దాని ఎంబడి తిరగాలె. రెండు గావాలంటే అద్దం జెర చిన్నది తీస్కొని, మోటరున్న స్టాండు తీస్కోండ్రి."

మోటారు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అద్దాల సంగతి నాకేం తెలుసు గానీ, నా బతుకంతా మోటార్లతోనే కదా! అయిదంగుళాల అద్దమున్న గొట్టం, తిరిగే స్టాండు ఇంటికి తెచ్చుకున్నాను.

చలికాలం. పొద్దుగూకగానే మా బ్లాకు టెర్రస్ మీద బిగించి, తూర్పున లేస్తున్న చుక్కల మీదికి తిప్పి, కెమెరా దానంతటదే నిమిషానికో ఫోటో తీసేలా పెట్టాను. మా ఫ్యాక్టరీలో షిఫ్టు అయిపోతే తిరిగే మోటారును ఎవరూ ఆపరు, తర్వాతి షిఫ్టువాడికి అప్పజెప్పి పోతారు. అదే అలవాటుతో నేనూ మోటారును అలాగే వదిలేసి కిందికెళ్లి పడుకున్నాను. టెర్రస్ మీద తర్వాతి షిఫ్టుకు ఎవరూ లేరని నాకు తట్టలేదు. తెల్లారకముందే కెమెరా విప్పుకొని, ఆదరాబాదరాగా డ్యూటీకి పోయాను.

సాయంత్రం నేనూ మా ఆవిడ సుజాతా కూర్చుని ఫోటోలు చూస్తున్నాం. చుక్కలు, చుక్కలు, మళ్లీ చుక్కలు. చివరికొచ్చేసరికి చుక్కలు పోయి ఒక కిటికీ వచ్చింది. ఆ కిటికీలో మసక మసగ్గా ఒక తలకాయ, తలకిందులుగా వేలాడుతోంది. పాలిపోయిన మొహం. కళ్లుండాల్సిన చోట గుంటలు. నోటినుంచి తెల్లటి నురగ కిందికి కారకుండా పైకి పాకుతోంది.

"గది ఏ ఇల్లు?" సుజాత నా దగ్గరికి జరిగింది.

"ఎదురు బ్లాకుది. మోటరు చుక్క ఎంబడి పోయి పోయి, చుక్క మునిగే యాళ్లకు ఆ కిటికీ కాడికి వచ్చినట్టుంది."

"అది తాళమేసున్న ఇల్లు గద! అండ్ల ఎవలున్నరు?"

నా వీపు మీద ఎవరో చల్లటి చేయి వేసినట్టయింది. తెలివైనవాడైతే అక్కడ ఆగేవాడు. నేను గ్రూపులో పెట్టేశాను. పది నిమిషాల్లో కింద ఆడుకుంటున్న పిల్లల గోల ఆగిపోయింది. ఒక్కో తలుపూ గడియ పడుతున్న చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత మా తలుపు తట్టారు. యాదమ్మ. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది, ముత్తంగిలో కిరాయికి ఉంటుంది.

"అన్నా, గది నా ఇల్లే. ఐతారం పాలు పొంగిచ్చేదున్నది," అంది.

ముగ్గురం పోయి తాళం తీశాం. ఇంకా కరెంటు ఇవ్వలేదు. ఫోను వెలుతురులో చూస్తే నేలంతా దుమ్ము, ఆ దుమ్ములో ఒక్క అడుగు జాడ లేదు. కిటికీకి లోపలినుంచి గడియ వేసే ఉంది.

"పదేండ్లు కిరాయి ఇండ్లల్ల ఉన్న. ఇగ నాదే అనుకున్న. ఫోటో సూసి మా అత్త నేను రాను పో అంటున్నది. ఇప్పుడెట్ల?" యాదమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఫోటోలో మొహం ఎవరిదో పోల్చుకుందామని ఆమె ఫోనును తిరగేసి పట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత వెలుతురు నా మొహం మీద కొట్టింది.

"అన్నా, పొద్దుగాల నువ్వు పండ్లు తోముకున్నవా?"

"తోముకున్న. టెర్రస్ మీదనే. ఏమైంది?"

"గీ మంకీ క్యాప్ పెట్టుకోనేనా?"

చెయ్యి నెత్తి మీదికి పోయింది. టెలిస్కోపులో ఏదైనా తలకిందులుగానే కనిపిస్తుంది. వెనకాల చీకటి గది ఉంటే కిటికీ గాజు అచ్చం అద్దమే. అందులో నేనే, నోట్లో బ్రష్షుతో, పేస్టు నురగతో, చేతిలో ఫోను లైటుతో! సుజాత ఆ దుమ్ములోనే కూలబడి నవ్వింది. యాదమ్మ మాత్రం నవ్వలేదు.

"ఐతారం పాలు నువ్వే పొంగియ్యాలె. గీ టోపీతోనే రావాలె. దయ్యాన్ని మా అత్త దగ్గరుండి సూడాలె."

ఆదివారం కాలనీ అంతా చూస్తుండగా, మంకీ క్యాప్‌లో చెమటలు కక్కుతూ పాలు పొంగించాను. ఆ అత్త నన్ను కిందినుంచి పైదాకా చూసి, "గింతేనా!" అని, గ్లాసెడు పాలు తాగి, చాప పరుచుకొని పడుకుంది.

అందుచేత సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కెమెరా నడుస్తున్నంతసేపూ నేను పళ్లు తోమను. తోమక తప్పకపోతే, నవ్వుతూ తోముతాను.