చేపల కూరలో బెల్లం పాకం

నాకు పెళ్లయిన మూడో ఏడు. మాది అనకాపల్లి దగ్గర చెరకు పండించే ఇల్లు. రాజయ్యపేట నుంచి నా స్నేహితురాలు నూకరత్నం తన అత్తగారిని వెంటబెట్టుకుని మొదటిసారి మా ఇంటికి వచ్చింది. వాళ్లు సముద్రం మీద వేటకెళ్లే వాళ్లు. "మా నేస్తంలాగ సేపల కూర ఎవులూ వండలేరు" అని అత్తగారికి ముందే గొప్పలు చెప్పి, వంజరం చేప కూడా తెచ్చింది. ఆమె మాట నిలబెడతానన్న ధీమాతోనే వండాను.

వచ్చినవాళ్లు తినకముందు వంట రుచి చూడడం మా ఇంట్లో లేదు. అలాగే వడ్డించాను. పెద్దావిడ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏటమ్మా ఇది? పాయసంలో సేపలేసీసేవేటి?"

వంటింట్లోకి పరుగెత్తాను. చింతపండు పులుసు గిన్నె నిండుగా అలాగే ఉంది. పక్కన, గానుగ దగ్గర నుంచి తెచ్చుకున్న బెల్లం పాకం గిన్నె ఖాళీ! బయటికొచ్చేసరికి నూకరత్నం తలెత్తడం లేదు.

నేను దాచలేదు. "తప్పు నాదే అత్తా. పులుసనుకోని పాకం పోసీసేను. పావుగంట ఆగండి, మళ్లీ వండీత్తాను" అన్నాను.

ఆవిడ చెయ్యి కడుక్కుని, కొంగు దోపుకుని నా వెనకే వచ్చింది. "నువ్వు కారం నూరు. ముక్కలు నాను కడుగుతాను. సేపకేటీ అవలేదు, బెంగెట్టుకోకు."

ఇద్దరం కలిసి వండిన ఆ పులుసు ఆవిడ రెండుసార్లు అడిగి వడ్డించుకుంది.

పరువు పోయిందనుకున్న రోజే నాకు సొంత మనిషి దొరికింది. ఇప్పుడు ఆవిడ మా ఇంటికొస్తే హాల్లో కూర్చోదు. తిన్నగా వంటింట్లోకి వచ్చి, గిన్నెల మూతలు తీసి వాసన చూశాకే నన్ను పలకరిస్తుంది.