మెరక చేలో గాలిమర

పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరం అమ్మించి, బాళగనూరులో ఆ మెరక చేను కొనిపించింది బుల్లెమ్మే. కాలవ వస్తుందని రేపల్లె వైపు నుంచి వలస వచ్చినవాళ్లంతా పల్లంలో భూములు వెతుక్కుంటుంటే, ఈవిడ మట్టి నలిపి చూసి ఇదే కావాలంది. కాలవ వచ్చింది. చుట్టూ వరి పచ్చబడింది. మెరక మీదికి మాత్రం నీళ్లు ఎక్కలేదు. ఊళ్లోవాళ్లు ఆవిడ మొగుడు బాపయ్యను చూసి జాలిపడేవాళ్లు, బుల్లెమ్మను చూసి నవ్వేవాళ్లు.

చేలో ఉన్న బావి మీద బాపయ్య నీళ్లు తోడే గాలిమర నిలబెట్టాడు. ఊరి వడ్రంగి సూగప్ప చెక్కతో రెక్కలు చేశాడు. వాటికి పరీక్ష బియ్యం మిల్లులో జరిగేది. ఊక ఎగరగొట్టే పంకాకి రేకులతో పొడుగాటి గొట్టం కట్టి, దాని రెండో చివర రెక్కలు బిగించేవాళ్లు. అక్కడ కొత్త అల్లుళ్లలా బుద్ధిగా తిరిగేవి. చేలో పెట్టగానే మొదలంటా విరిగేవి.

"ఈసారీ విరిగితే చేను అమ్మేస్తా. నీ మాట విన్నందుకు నాకు బుద్ధొచ్చింది" అన్నాడు బాపయ్య.

"వచ్చిందా? ఇన్నాళ్లకి!" అని బుల్లెమ్మ తనే మిల్లుకి బయలుదేరింది. బాపయ్య, సూగప్ప వెంట వెళ్లారు.

గొట్టం మూతి దగ్గర పైటచెంగు పట్టి చూసింది. చెంగు కర్రలా తిన్నగా నిలబడింది, వణకలేదు. చేలో అదే చెంగు మొహాన్ని చెళ్లున కొడుతుంది.

"ఇది మన సముద్రం గాలండీ. ఒకే వాటం. రేపల్లె గాలికి రెక్కలు చేయించి బాళగనూరులో పెడితే విరగవూ? ఇక్కడి గాలి తోస్తుంది, ఆగుతుంది, మళ్లీ పక్కనుంచి గుద్దుతుంది."

"ఏందమ్మా, మంచిగున్న గాలిని చెడగొట్టమంటవా?" సూగప్ప నవ్వాడు.

"చెడగొట్టు."

వంటింటి వసారాకి కట్టిన వెదురు తడిక ఊడదీయించి తెచ్చింది. గొట్టం మధ్యలో అడ్డం పెడితే గాలే చచ్చిపోయింది. సూగప్ప బద్దలు ఎడంచేశాడు. అప్పుడు గాలి బద్దల మధ్య చీలి, సుడులు తిరిగి, చెంగును ఇష్టం వచ్చినట్టు కొట్టింది. రెక్క గజగజలాడి ఫెళ్లున విరిగి రేకుకి తగిలింది.

బాపయ్య మొహం మాడ్చుకున్నాడు.

"ఇక్కడ విరిగితే మనమే చూశాం. చేలో విరిగితే ఊరంతా చూస్తుంది" అంది బుల్లెమ్మ.

సూగప్ప రెక్కలు కురచ చేశాడు, మొదలు లావు చేశాడు. మరికొన్ని ఆ గొట్టంలోనే విరిగాయి. ఆఖరికి ఒక జత నిలబడింది. ఆషాఢం గాలికి చేలోనూ నిలబడింది. నీళ్లు చేనంతా పారలేదు. సగానికి పారాయి. మిగతా సగంలో జొన్న వేశారు. అమ్మే మాట మళ్లీ రాలేదు. గాలిమర చూడ్డానికి వచ్చినవాళ్లకి దాని సంగతంతా బాపయ్యే చెప్పుకొచ్చేవాడు. బుల్లెమ్మ అడ్డు చెప్పలేదు. తడిక లేని వసారాలో గాలికి పొయ్యి మంట నిలవక ఆవిడ తిప్పలు ఆవిడవి.

"పక్క మెరక కూడా అమ్ముతారటే" అన్నాడు బాపయ్య ఒక పొద్దున, అన్నం కలుపుకుంటూ.

"ముందు తడిక కట్టించండి" అంది బుల్లెమ్మ. "తర్వాత వెళ్లి మట్టి చూసొస్తాను."