నల్లబడని వెండి

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఆయన ఆదోనిలో వెండి నగలకు తెల్లపూత వేసేవారు. ఆ పూతకు వాడేది రోడియం ఉప్పు. బొంబాయి నుంచి రైలు పార్సిల్లో, చిన్న గాజుబుడ్డిలో వచ్చేది. ఎర్రమట్టిలాంటి పొడి. గాలి తగిలితే చెమ్మ పీల్చి ముద్దకడుతుందని మూతకు మైనం పెట్టి పంపేవారు. ఆమ్లం కలిపిన నీళ్లలో వేస్తే తేనెరంగుకు తిరిగేది. అందులో వెండిని వేలాడదీసి బ్యాటరీ తీగ తగిలిస్తే కాసేపటికి అద్దంలా తెల్లబడేది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా నల్లబడేది కాదు.

ఆ సంగతి విని ఎమ్మిగనూరు నుంచి ఒక నేతవాళ్ల ఇల్లాలు వచ్చింది. కొంగుముడి విప్పి పసిబిడ్డ కడియం తీసింది. దాని మీద సన్నసన్నని పంటిగాట్లు.

"నా బిడ్డది అన్నా. పండ్లు వచ్చేటప్పుడు ఊరికే కొరుకుతాండె. అమ్మవారు పోసి సచ్చిపోయినాది. ఇది సూడు, నల్లగయితాంది. నలుపు రాకుండా సెయ్యి."

పూతకు ముందు ఏ నగనైనా సానబట్టి నున్నగా చేయాలి. ఆయన ఆ మాట చెప్పగానే ఆమె కడియం వెనక్కి గుంజుకుంది.

"గాట్లు పోతే నాకేముంటాది?"

ఆయన సానరాయి పక్కకు జరిపారు. "సాన పట్టనులేమ్మా. ఈ పూత శానా పల్సన. ఏ గాటునీ మూయదు. కుంకుడు నీళ్లతో నలుపు తీసి వేస్తా. కానీ ఉప్పు అయిపోయినాది. బొంబాయి నుంచి రావాల."

ఆమె కడియాన్ని ఆయన చేతిలో పెట్టి పోయింది. ఆ ఉప్పు పరదేశం సరుకు. ఆ ఏడు ఓడల్లో సరిగా రావడం లేదన్నారు. ఆమె మాత్రం బట్టలు అమ్ముకోవడానికి ఆదోని వచ్చినప్పుడల్లా మా గడప దగ్గర నిలబడి "వచ్చినాదా అన్నా?" అని అడిగేది. నేను మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేదాన్ని. బిడ్డ మగ్గం పక్కన కూర్చుని దారాలు లాగేదని, తిట్టినా నవ్వేదని చెప్పేది. నాకప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆమె ఎదుట పడినప్పుడల్లా కొంగు కప్పుకునేదాన్ని. ఒకరోజు గమనించి, "దాసుకోవద్దక్కా. నీ కడుపు సల్లగుండాల" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

చివరికి పార్సిలు వచ్చింది. ఆయన వేరే పనులన్నీ పక్కన పెట్టి ముందు ఆ కడియానికే పూత వేశారు. ఒక్క గాటు కూడా చెదరలేదు. ఆమె వచ్చి వాటి మీద వేలు రాసి చాలాసేపు చూసింది.

"అన్నీ ఉండాయి అన్నా," అంది. కొంచెం ఆగి, "అయినా ఇది ఇంత తెల్లగా ఎప్పుడూ లేదు. నా బిడ్డ సేతికున్నప్పుడు మాసి ఉంటాండె. ఎవరిదో కొత్తదిలాగుంది."

"పూత తీయాలంటే గీకాల తల్లీ. గీకితే గాట్లు పోతాయి."

ఆమె తలూపింది. కడియాన్ని కొంగున ముడివేసుకుని, అరుగు మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమరడం తప్ప ఏమీ చేయలేకపోయాను. లోపల ఆయన పని ముందు చేతులు ముడుచుకుని కూర్చుండిపోయారు.

మళ్లీ ఆమె మా ఇంటికి రాలేదు. బతుకుతెరువుకు షోలాపురం పోయినారని ఆ ఊరివాళ్లెవరో చెప్పారు. ఆ తర్వాత పసిపిల్లల వెండి ఎవరు తెచ్చినా ఆయన పట్టుకునేవారు కాదు. "ఇట్లనే ఉండనీయండప్పా" అని తిరిగి చేతిలో పెట్టేవారు.